సైజు పెంచితే ఏం పోతుంది?

హైదరాబాద్‌లో ఏ పెద్ద టైర్ల దుకాణం ముందైనా శనివారం సాయంత్రం ఓ అరగంట నిలబడితే చాలు. జాకీ మీద ఓ థార్, పక్కన విప్పి పెట్టిన నాలుగు చక్రాలు. ఆ టైర్ల మీద రబ్బరు వెంట్రుకలు ఇంకా ఊడనే లేదు. అంటే బండి షోరూమ్ గడప దాటి ఎన్నో రోజులు కాలేదన్నమాట. యజమాని చూపంతా గోడకు ఆనించిన లావుపాటి టైర్ల మీదే. ‘అన్నా, రెండు సైజులు పెద్దది ఏసినా పడ్తది, లోపల మస్తు జాగ ఉంది’ అంటాడు షాపు కుర్రాడు. బేరం కుదిరిపోతుంది. బ్రేకుల ఊసు, మీటరు ఊసు, ఇన్సూరెన్సు ఊసు ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.

కుర్రాడు చెప్పింది అబద్ధమేమీ కాదు. బండి నిలబడి ఉండి, స్టీరింగ్ తిన్నగా ఉన్నంతసేపూ లోపల జాగా ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, వెనక ముగ్గురిని కూర్చోబెట్టుకుని స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. టైరు అంచు మడ్‌ఫ్లాప్‌కో లోపలి ప్లాస్టిక్ లైనర్‌కో బర్రున రాసుకుంటుంది. పట్టడం వేరు, తిరగడం వేరు.

అసలు ఈ పెంపుతో దక్కేదెంతో లెక్క చూడటం కష్టమేమీ కాదు. థార్ పై వేరియంట్లలో కంపెనీ ఇచ్చే టైరు 255/65 ఆర్ 18. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది రిమ్ము, అంగుళాల్లో. మొత్తం కలిపితే టైరు ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు. దాని స్థానంలో కుర్రకారు మోజుపడే 285/70 ఆర్ 17 వేస్తే 831. పెరిగింది 42 మిల్లీమీటర్లు. అందులో సగం ఇరుసు పైన, సగం కింద. కాబట్టి బండి లేచేది 21 మిల్లీమీటర్లే, ఓ బొటనవేలి మందం! ఆ బండికి నేల నుంచి 226 మిల్లీమీటర్ల ఎత్తు ముందే ఉంది. సస్పెన్షన్ పెంచకుండా టైర్లు మాత్రమే మార్చి ‘బండి లేచింది’ అనుకునేవారు చూస్తున్నది ఎత్తును కాదు, లావును.

ఆ బొటనవేలికి చెల్లించే మూల్యం మొదట మీటరులో కనిపిస్తుంది. నిజానికి అక్కడ కనిపించకపోవడమే చిక్కు. మీటరు లెక్కపెట్టేది చక్రం ఎన్ని చుట్లు తిరిగిందన్నదే. టైరు 5 శాతం పెద్దదైతే ఒక్కో చుట్టుకూ బండి 5 శాతం ఎక్కువ దూరం పోతుంది, ముల్లుకు మాత్రం ఆ సంగతి తెలియదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగ పరిమితి 120 కిలోమీటర్లు. కొత్త టైర్లు వేశాక ముల్లు మునుపటి చోటే నిలబడ్డా బండి మరో ఆరు కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంటుంది. కంపెనీ మీటర్లు మామూలుగా అసలు వేగం కన్నా కాస్త ఎక్కువే చూపిస్తాయి కనుక కొంత వెసులుబాటు ఉంటుంది. పెద్ద టైరు మొదట మింగేది ఆ వెసులుబాటునే. కెమెరా చూసేది రోడ్డు మీది వేగాన్ని, డ్యాష్‌బోర్డును కాదు. ఇక ఓడోమీటరులో పదివేలు తిరిగినట్టుంటే బండి అసలు తిరిగింది పదివేల అయిదువందల పైమాటే. ఆయిలు మార్చే గడువు, మైలేజీ లెక్క అన్నీ అక్కడి నుంచే తప్పుతాయి.

ఇంజనుకూ బ్రేకుకూ ఇంతకన్నా పెద్ద బరువు. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జిమ్నీకి కంపెనీ ఇచ్చే టైర్లు 195/80 ఆర్ 15. ‘బక్క టైర్లు’ అని నవ్వేవాళ్లు ఎక్కువే. వాటి బదులు 235/75 ఆర్ 15 వేస్తే ఎత్తు దాదాపు 6 శాతం పెరుగుతుంది. ఆ ఇంజను టార్క్ 134 న్యూటన్ మీటర్లు. చక్రం దగ్గరికొచ్చేసరికి అది 127 న్యూటన్ మీటర్ల ఇంజను లాగినట్టే లాగుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఒక గేరు కిందికి దించాల్సి వచ్చేది అందుకే. బ్రేకు డిస్కు పాతదే, కాలిపర్ పాతదే. ఆపాల్సిన చక్రం మాత్రం పెద్దది, బరువైనది. పైగా ఆ బరువు స్ప్రింగుల పైన కాదు, కింద చేరింది, అదీ తిరిగే బరువు. దాన్ని లేపడానికీ ఆపడానికీ రెండుసార్లూ ఖర్చే.

అయితే సైజు అసలు మార్చకూడదా? మార్చవచ్చు. ఎక్కడిదాకా అన్నది కంపెనీలే తమ బండ్ల మీద చూపిస్తున్నాయి. 2024లో వచ్చిన థార్ రాక్స్‌లో ఒక వేరియంట్‌కు 255/65 ఆర్ 18, పై వేరియంట్‌కు 255/60 ఆర్ 19. రిమ్ము ఓ అంగుళం పెరిగింది కదా, మరి టైరు మొత్తం ఎత్తు? రెండింటికీ 789 మిల్లీమీటర్ల దగ్గరే. రిమ్ము పెంచిన మేరకు పక్కగోడ తగ్గించి లెక్క సరిచేశారు ఇంజనీర్లు. క్రెటాలో 205/65 ఆర్ 16, 215/60 ఆర్ 17 రెండూ కంపెనీ సైజులే, తేడా రెండున్నర శాతం. కింది వేరియంట్ కొన్నవారు తమ బండికి సరిపడే రిమ్ముతో సహా పై వేరియంట్ సైజుకు వెళ్తే ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. ఆ హద్దు దాటితే, ఇంజనీరు లేకుండా బండిని మళ్లీ డిజైన్ చేస్తున్నట్టే.

హద్దు దాటినవారికి ఎదురయ్యే మరో ప్రశ్న: గాలి ఎంత పెట్టాలి? డ్రైవర్ డోరు దగ్గర అంటించిన స్టిక్కర్ పాత సైజుకే చెల్లుతుంది. ఇది చిన్న విషయం అనిపిస్తే అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ గొడవ గుర్తు చేసుకోవాలి. ఆ ఎస్‌యూవీ టైర్లలో 26 పీఎస్‌ఐ గాలి చాలంది ఫోర్డ్, 30 ఉండాలంది ఆ టైర్లు చేసిన ఫైర్‌స్టోన్. ఎండ, వేగం, తక్కువ గాలి, దానికి తోడు టైర్ల తయారీలో లోపాలు. ట్రెడ్ ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టాయి. 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచారు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 271 మంది చనిపోయారు. ఈ రోజు కొత్త కార్ల డ్యాష్‌బోర్డు మీద వెలిగే టైరు గాలి హెచ్చరిక దీపాన్ని అమెరికాలో తప్పనిసరి చేసిన చట్టం ఆ దుర్ఘటనల నుంచి పుట్టిందే. అక్కడ సైజు కంపెనీ సైజే, మార్చిందేమీ లేదు. తయారీ లోపానికి గాలి తేడా తోడైతేనే అంత జరిగింది.

స్టెప్నీ సంగతి ఎవరికీ గుర్తుండదు. (ఈ మాట మనది కాదు. వేల్స్‌లోని లానెల్లీ ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్‌లో 1904లో అదనపు చక్రం కనిపెట్టి అమ్మిన అన్నదమ్ముల పుణ్యం. బ్రిటన్‌లో ఎప్పుడో మరిచిపోయిన పేరును మన పంక్చర్ షాపులు బతికిస్తున్నాయి.) నాలుగు మార్చి అయిదోది వదిలేస్తే, పంక్చరైన రోజు ఒక మూల చిన్న చక్రం వస్తుంది. ఆ స్థితిలో తారు రోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే గేర్లు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. పోనీ అయిదోదీ మారుద్దామంటే, థార్‌కూ జిమ్నీకీ అది వేలాడేది వెనక డోరుకు. ఆ అదనపు బరువంతా మోయాల్సింది డోరు కీళ్లే.

చట్టం కూడా మౌనంగా లేదు. రిజిస్ట్రేషన్ వివరాలకూ తయారీదారు నిర్దేశాలకూ పొసగని మార్పులు చేయకూడదని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. టైరు సైజు చూసి బండి ఆపే పోలీసు అరుదే కావచ్చు. ప్రమాదం జరిగాక వచ్చే ఇన్సూరెన్సు సర్వేయర్ మాత్రం చూస్తాడు.

పెద్ద టైరు నిజంగా అవసరమైనవారూ లేకపోలేదు. భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల మీద వానాకాలంలో తిరిగేవారికి నేలను కరిచే టైరు కావాలి. కానీ వారికి కావలసింది లావు కన్నా గట్టి బటన్లు. పలచటి బురదను సన్న టైరు కోసుకుంటూ పోయి కింది గట్టి నేలను పట్టుకుంటుంది, లావు టైరు పైపైనే తేలుతూ జారుతుంది. జిమ్నీకి ‘బక్క టైర్లు’ ఇచ్చినవారు లెక్క తెలియక ఇవ్వలేదు.

ఇందులో దుకాణాల బాధ్యతే ఎక్కువ. కొత్త సైజు, లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు చెప్పే అంకె), పాత సైజుతో తేడా శాతం, పెట్టాల్సిన గాలి, ఈ నాలుగూ బిల్లు మీద రాసివ్వడం పెద్ద పనేం కాదు. లోడ్ ఇండెక్స్ పాతదానికన్నా తగ్గితే అమ్మనని చెప్పడానికి చట్టం కూడా అక్కర్లేదు. రాసిస్తే బేరం పోతుందని భయపడేవారు, ఏ బేరం పోతుందో ఒప్పుకుంటున్నట్టే.

ఆ శనివారం విప్పిన టైర్లు ఎక్కడికీ పోవు. దుకాణం వెనక గదిలో వెంట్రుకలతో సహా పేర్చి ఉంటాయి. యజమానికి తక్కువ ధర కట్టి తీసుకున్న ఆ సరుకును, అదే బండి పాత మోడల్ నడిపే ఎవరో ఒకరు, టైర్లు అరిగి కంపెనీ సైజే వెతుక్కుంటూ వచ్చి, సగం ధరకు సంతోషంగా వేయించుకుపోతారు.