దొరకని రికార్డు ఇచ్చినట్టా?

ప్రభుత్వ కార్యాలయం తన దగ్గరున్న కాగితాలను ప్రజలకు ఇవ్వడం ఒక సంగతి. ఆ కాగితాల్లో తనకు కావలసిన ముక్కను ఒక మామూలు మనిషి వెదికి పట్టుకోగలగడం మరొక సంగతి. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చిన నాటి నుంచీ హక్కుల సంఘాలు ప్రధానంగా మొదటి దానికోసం పోరాడుతూ వచ్చాయి. అది అవసరమే, ఆ పోరాటం ఇంకా అయిపోలేదు. రెండోది మాత్రం కంప్యూటరు తెలిసినవాళ్ళ వ్యవహారంగా ఉండిపోయింది. దానివల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోతున్నది జైళ్ళ చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగే స్త్రీలని నా అభిప్రాయం.

మేముండే నాచారానికి చర్లపల్లి కేంద్ర కారాగారం ఎంతో దూరం కాదు. ఇక్కడి పారిశ్రామికవాడలో మందుల కంపెనీల్లో, ప్యాకింగ్ షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళలో ములాఖత్ కోసం ఒక పూట జీతం వదులుకుని మల్లాపూర్ మీదుగా చర్లపల్లి వెళ్ళివచ్చేవాళ్ళున్నారు. ఉప్పల్ నుంచి చంచల్‌గూడ మహిళా జైలుకు వెళ్ళే తల్లులున్నారు. వాళ్ళు మా దగ్గరికి తెచ్చే ప్రశ్నలు చాలా సూటిగా ఉంటాయి. మావాడికి బెయిలు ఇచ్చారంట, ఇంకా ఎందుకు వదల్లేదు? మా ఆయనకు పద్నాలుగేళ్ళు నిండినయి, విడుదల జాబితాలో పేరెందుకు లేదు? మా చెల్లె దగ్గర చంటిపిల్ల ఉంది, ఎన్నేళ్ళ దాకా తల్లి దగ్గర ఉంచనిస్తరు?

ఈ చివరి ప్రశ్నకు జవాబు ఆరేళ్ళ వరకు అని. 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో చెప్పింది. ఆ కేసులో ప్రతివాది మరెవరో కాదు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. మన రాష్ట్రం పేరు మీద వచ్చిన తీర్పు మన తల్లులకు తెలియకపోవడానికి కారణం అది రహస్యమని కాదు. అది ఇంగ్లీషులో ఉంది, ఎవరూ వాళ్ళ చేతికి అందేచోట పెట్టలేదు. మిగిలిన రెండు ప్రశ్నలకు జవాబులు కూడా ఏదో ఒక ఉత్తర్వులోనో, రిజిస్టరులోనో ఉంటాయి. వాటిలో చాలా భాగం బయటపెట్టిన కాగితాలే, అడిగితే ఇవ్వవలసిన కాగితాలే.

ఒకసారి ఒక కార్యాలయం నుంచి (పేరెందుకు లెండి) మా దరఖాస్తుకు జవాబుగా మూడు వందల పైచిలుకు పేజీలు వచ్చాయి. పేజీకి రెండు రూపాయల చొప్పున డబ్బు కట్టించుకున్నారు. పేజీ నెంబర్లు లేవు, వరస లేదు, జిరాక్సుకు జిరాక్సు తీసినవి, సగం చేతిరాత. ముగ్గురు ఆడవాళ్ళం నాలుగు ఆదివారాలు కూర్చుంటే మాకు కావలసిన రెండు పంక్తులు దొరికాయి. చట్టం ప్రకారం వాళ్ళు సమాచారం ఇచ్చేసినట్టే. లెక్కల్లో అది పరిష్కరించిన దరఖాస్తు.

నిజానికి చట్టం అంత మాత్రం చాలని చెప్పలేదు. సెక్షన్ 4(1)(ఎ) చదవండి. ప్రతి ప్రభుత్వ సంస్థా తన రికార్డులన్నిటినీ పట్టిక వేసి, సూచిక తయారుచేసి, కంప్యూటరులో పెట్టదగినవాటిని పెట్టి, దేశమంతటా అందుబాటులోకి తేవాలని అందులో ఉంది. ఎవరూ అడగకముందే చెయ్యవలసిన పని అది. సెక్షన్ 4(4) స్థానిక భాషను కూడా దృష్టిలో పెట్టుకోమంది. సెక్షన్ 2(జె) ప్రకారం కంప్యూటరులో ఉన్న సమాచారాన్ని కంప్యూటరు రూపంలోనే తీసుకునే హక్కు మనకుంది. 2005 నాటి చట్టం కనక ఫ్లాపీల పేరు కూడా ఉంటుందందులో! ఫ్లాపీలు పోయాయి గానీ ఆ హక్కు పోలేదు. ఇరవై ఏళ్ళు దాటినా ఈ సెక్షన్ల అమలు గురించి గట్టిగా అడిగినవాళ్ళు తక్కువ.

అడిగితే వచ్చే జవాబు ఒకటే, వెబ్‌సైటులో పెట్టాం కదా అని. పెట్టినవాటిలో చాలా కాగితాలు స్కానింగు చేసినవి. కంప్యూటరుకు ఆ పేజీ ఒక ఫొటో మాత్రమే. అందులో ఉప్పల్ అని ఎన్నిసార్లు ఉన్నా, మీరు ఉప్పల్ అని కొట్టి వెదికితే ఏమీ దొరకదు. టైపు చేసిన తెలుగు కాగితాలది మరో అవస్థ. మన కార్యాలయాల్లో, ప్రెస్సుల్లో ఏళ్ళ తరబడి వాడిన అను వంటి ఫాంట్లలో తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉండేవి వేరే గుర్తులు. యూనికోడ్‌లో వెదికే మనిషికి ఆ కాగితం లేనట్టే లెక్క. ఇంగ్లీషు రికార్డు దొరికి తెలుగు రికార్డు దొరకకపోవడమంటే గ్రామ స్థాయిలో, ఠాణా స్థాయిలో రాసిన కాగితాలు దొరకకపోవడమే. పేదవాళ్ళ గురించి రాసేవి ఎక్కువగా అక్కడే.

ఇక స్త్రీల పేర్ల సంగతి. పురుషుడికి రికార్డులో తండ్రి పేరు ఒకటే జీవితాంతం ఉంటుంది. స్త్రీని ఒక కాగితంలో ఫలానావాడి కూతురని, ఇంకో కాగితంలో ఫలానావాడి భార్య అని రాస్తారు. ఠాణాలో పుట్టింటి ఇంటిపేరు, కోర్టులో అత్తింటి ఇంటిపేరు, ఆధార్‌లో ఇంటిపేరే లేకుండా. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఒక గుమాస్తా కె, ఎస్‌లతో రాస్తే ఇంకొక గుమాస్తా ఎక్స్‌తో రాస్తాడు. ఒకే మనిషి మూడు చోట్ల ముగ్గురు ఆడవాళ్ళయి కూర్చుంటుంది. వెదకడం గురించి మాట్లాడే సాంకేతిక నిపుణులు ఈ సంగతిని పట్టించుకోగా నేను చూడలేదు. మన సంఘాలకు ఇది కొత్త విషయం కాదు. రేషను కార్డు దగ్గర, పట్టా దగ్గర, పింఛను దగ్గర రోజూ చూస్తున్నదే.

వెదకగలగడం జైలు దగ్గరికి వచ్చేసరికి స్వేచ్ఛకు సంబంధించిన ప్రశ్న అవుతుంది. బెయిలు వచ్చి కూడా జామీనుదారులు లేకనో, ఉత్తర్వు చేరకనో లోపలే ఉండిపోయేవాళ్ళ గురించి సుప్రీంకోర్టు 2023 జనవరి 31న కొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలు ఉత్తర్వు నకలును అదే రోజు గానీ మర్నాడు గానీ జైలు సూపరింటెండెంటు ద్వారా ఖైదీకి పంపాలి. బెయిలు ఇచ్చిన తేదీని ఈ-ప్రిజన్స్ కంప్యూటరు వ్యవస్థలో ఎక్కించాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజెయ్యాలి. ఈ మూడో ఆదేశం ఎట్లా సాధ్యమైంది? తేదీ ఒక గడిలో ఉంది కనక. ఏడు రోజులు దాటినవాళ్ళెవరని అడిగితే యంత్రం చెప్పగలదు కనక. అదే తేదీ రిజిస్టరులో చేతిరాతలో ఉంటే ఎవరో పేజీలు తిరగేస్తే తప్ప తెలియదు. అయితే ఆ గడిని చూడగలిగేది అధికారులే. ఫలానా జైలులో ఈ నెల బెయిలు వచ్చి వారం దాటినా లోపలున్నవాళ్ళు ఎంతమంది అనే అంకె, పేర్లు అక్కర్లేదు, ఉత్త అంకె ప్రజలకు ఎందుకు కనిపించకూడదు?

జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రచురించిన లెక్క ప్రకారం 2022 చివర దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణలో ఉన్న ఖైదీలే. స్త్రీలు 23,772 మంది. 1,537 మంది తల్లుల దగ్గర 1,764 మంది పిల్లలున్నారు. ఈ పుస్తకం బయటికి వచ్చింది 2023 డిసెంబరులో. అంటే ఆ పిల్లలు ఏడాది పెద్దవాళ్ళయ్యాక మనకు లెక్క తెలిసింది. పట్టికలు కూడా ప్రధానంగా రాష్ట్రాల వారీగా ఉంటాయి. చంచల్‌గూడలో ఈ రోజు ఎందరు పిల్లలున్నారని అడిగే అంగన్‌వాడీ కార్యకర్తకు అది ఉపయోగపడదు.

వెదకడం ప్రభుత్వానికి చేతకాదని మాత్రం ఎవరూ చెప్పలేరు. మనల్ని వెదకవలసివచ్చినప్పుడు బ్రహ్మాండంగా వెదుకుతుంది. తెలంగాణలో సమగ్ర వేదిక అనే కంప్యూటరు వ్యవస్థ రకరకాల శాఖల వివరాలను కలిపి, ఎవరికి కారుంది, ఎవరికి ఇల్లుందని పేర్లు పోల్చి చూస్తుంది. పేరు పోలిక తప్పయితే కార్డు పోతుంది. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల రేషను కార్డుల గురించి 2022లో సుప్రీంకోర్టు, కంప్యూటరు మీద ఆధారపడకుండా ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ పరిశీలించమని చెప్పవలసివచ్చింది. పేదవాళ్ళ రికార్డులను కలిపి వెదకడానికి దొరికిన డబ్బూ, తెలివీ ప్రభుత్వ ఉత్తర్వులను వెదకడానికి వీలుగా పెట్టేటప్పుడు ఏమైపోతాయి? ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టు నుంచి జీఓలను వెబ్‌సైటులో పెట్టడమే ఆపేశారు, 2024 ఆగస్టులో గానీ తిరిగి మొదలుపెట్టలేదు. తెలంగాణలో జీఓ వచ్చిన 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని 2021లో హైకోర్టే చెప్పాల్సివచ్చింది.

ఇంతవరకు చదివి, అయితే అన్నీ వెబ్‌సైటులో పెట్టేయమనండి, పేరు కొడితే మనిషి చరిత్రంతా వచ్చేటట్టు చెయ్యమనండి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం సత్ప్రవర్తన కింద 213 మంది ఖైదీలను విడుదల చేసింది. వారిలో 35 మంది స్త్రీలు. ఇటువంటి ఉత్తర్వులకు పేర్ల జాబితా జతచెయ్యడం రివాజు. విడుదలైన స్త్రీ ఏ నాచారంలోనో, మల్లాపూర్‌లోనో పనికోసం కంపెనీ గేటు దగ్గర నిలబడుతుంది. సూపర్‌వైజరు ఫోనులో ఆమె పేరు కొడతాడు. మగవాడు జైలు నుంచి వస్తే ఇల్లు ఎంతో కొంత తలుపు తీస్తుంది, స్త్రీకి పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ మూసుకుంటాయని మనకు తెలుసు. ఆమె శిక్ష అయిపోయింది. కంప్యూటరులో మాత్రం అది అయిపోదు.

కనక నేను అడిగేది, వెదకడానికి వీలుండవలసింది జైలు గురించి, ఖైదీ గురించి కాదు. ఏ జైలు, ఏ నెల, ఏ సెక్షను, ఎన్ని రోజులు, ఎంతమంది, ఏ అధికారి సంతకం, ఏ కారణంతో తిరస్కరణ, ఆసుపత్రికి పంపింది ఏ తేదీన, వీటన్నిటితో వెదకగలగాలి. పేరుతో వెదకడం ఆ ఖైదీకి, ఆమె చెప్పిన కుటుంబ సభ్యులకు, వకీలుకు ఉంటే చాలు. మృతి చెందినవాళ్ళ విషయం వేరు. కస్టడీ మరణంలో పేరు దాచితే లాభపడేది ఠాణాయే.

ఇది అసాధ్యమేమీ కాదు. తూర్పు జర్మనీలో రహస్య పోలీసు శాఖ స్టాసీ తన ఫైళ్ళను నాశనం చేస్తున్నదని తెలిసి, 1989 డిసెంబరు 4న ఎర్ఫుర్ట్ నగరంలో ఆ కార్యాలయాన్ని ఆక్రమించడానికి ముందుకు నడిచింది ఒక మహిళా బృందం. ఆ ఫైళ్ళు కిలోమీటర్ల పొడవు. స్టాసీ వాటిని రెండు రకాల కార్డులతో వెదికేది. ఒకదాని మీద మనిషి పేరు, నెంబరు, మరొకదాని మీద పేరు లేకుండా ఆ నెంబరూ కేసు వివరమూ. రెండూ కలిపితే గానీ ఫైలు దొరకదు. అంటే సూచిక ఎవరి చేతిలో ఉంటే ఫైళ్ళు వాళ్ళవే. 1991లో చేసిన చట్టం ఆ సూచికను ప్రజల పక్షాన తిప్పింది. ఎవరి ఫైలు వాళ్ళు చదువుకోవచ్చు, అందులో ఇతర బాధితుల వివరాలు నల్లగా కొట్టేస్తారు, నిఘా పెట్టిన అధికారుల పేర్లు మాత్రం కొట్టెయ్యరు. మన సమాచార హక్కు చట్టంలోనూ సెక్షన్ 10 ఉంది. దాచవలసిన భాగాన్ని తీసేసి మిగతాది ఇవ్వమంటుంది.

ఇప్పుడు మన దగ్గర గాలి ఎదురు దిక్కుకు వీస్తోంది. వ్యక్తిగత డేటా రక్షణ పేరుతో 2023లో చేసిన చట్టం సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ను మార్చింది, 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ఇదివరకు ప్రజా వ్యవహారంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే నిరాకరించేవాళ్ళు. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అన్న మాట చాలు. గేటు దగ్గర నిలబడిన ఆ స్త్రీకి ఇది రక్షణ అనుకుంటే పొరపాటు. ఆమె పేరు ఇప్పటికే పాత కాగితాల్లో తిరుగుతోంది. రక్షణ దొరికేది తిరస్కరణ కింద సంతకం చేసిన అధికారికి. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చుననే సెక్షన్ 8(2) ఇంకా మిగిలే ఉంది. అయితే ఆ ప్రయోజనాన్ని రుజువు చెయ్యవలసిన బరువు మన మీద పడింది.

జైలు కాగితాలు చదివితే ఏమొస్తుందని అడిగేవాళ్ళకు సుకన్య శాంత కేసు చూపించాలి. ఆమె జర్నలిస్టు. ఖైదీలకు కులాన్ని బట్టి పనులు కేటాయించడం గురించి, దాన్ని రాసిపెట్టిన జైలు మాన్యువళ్ళ గురించి రాసి, సుప్రీంకోర్టుకు వెళ్ళింది. విచారణకు వచ్చినవాటిలో 1979 నాటి ఆంధ్రప్రదేశ్ జైళ్ళ నియమాలు కూడా ఉన్నాయి. 2024 అక్టోబరు 3న కోర్టు ఆ నిబంధనలను కొట్టేసి, జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. దశాబ్దాలుగా అచ్చులో ఉన్న నియమాలవి! రాష్ట్రాల మాన్యువళ్ళన్నీ ఒకచోట పెట్టి వెదికే వీలుంటే ఈ పని ఎప్పుడో జరిగి ఉండేది.

కంప్యూటరు రానివాళ్ళ మాటేమిటనే ప్రశ్న సరైనదే. దానికి జవాబు తెలుగు నేల మీదే ఉంది. ఉపాధి హామీ పనుల్లో 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. మస్టర్లు కంప్యూటరులోంచి తీసి, ఊరివాళ్ళ ముందు పైకి చదివేవాళ్ళు. చదువు రాని కూలి ఆడమనిషి లేచి, ఆ వారం నేను పనికే పోలేదు, నా పేరెట్ల వచ్చిందని అడిగేది. వెదకడానికి వీలైన రికార్డూ, దాన్ని పైకి చదివే మనిషీ రెండూ కావాలి.

చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ళకు సంబంధించి నెలవారీ అంకెలను పేర్లు లేకుండా, కంప్యూటరు పట్టిక రూపంలో, తెలుగులో ఇమ్మని అడిగే దరఖాస్తు నమూనా ఒకటి తయారుచేశాం. సెక్షన్ 2(జె), 4(1)(ఎ), 10 మూడింటినీ అందులో ప్రస్తావించాం. మీ ప్రాంతంలోని జైలు పేరు మార్చి వాడుకోవచ్చు. కావలసినవాళ్ళు పత్రిక చిరునామాకు రాయండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళు ఫీజు కట్టనక్కరలేదు, ఆధారం నకలు జతచేస్తే చాలు. జవాబు మూడు వందల పేజీల కట్టగా వస్తే తీసుకోకుండా వెనక్కు పంపకండి. తీసుకుని, మొదటి అప్పీలు 30 రోజుల్లోపు వెయ్యండి.