సిఫారసులోని ‘లేదా’ దాచిపెట్టే సంగతి

యాసంగి వరిలో అగ్గి తెగులు కనిపించినప్పుడు సారంగాపూర్ మండలపు రైతు ముందుగా చేరేది మందుల దుకాణానికే. ఆకులపై నూలుకండె ఆకారపు మచ్చలు పొలమంతా పరుచుకున్న తరువాత ట్రైసైక్లాజోల్ కొని, లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున పిచికారి చేస్తాడు. మందు సరైనదే, మోతాదూ సరైనదే. అయినా మచ్చలు పెరుగుతూనే ఉంటాయి. నకిలీ మందన్న అనుమానం రైతుకు, వాతావరణం అనుకూలించలేదన్న సమాధానం విస్తరణాధికారికి మిగులుతాయి. ఈ రెండింటికన్నా ముందు పరిశీలించవలసిన కారణం ఒకటుంది. ట్రైసైక్లాజోల్ శిలీంధ్రాన్ని చంపే మందు కాదు.

అగ్గి తెగులు శిలీంధ్రపు సిద్ధబీజం ఆకుపై మంచు తడిలో మొలకెత్తి, అప్రెసోరియం అనే గుమ్మటం వంటి కణాన్ని ఏర్పరుస్తుంది. బీజంలో నిల్వ ఉన్న గ్లైకోజన్, కొవ్వులు విచ్ఛిన్నమై, ఆ కణంలో గ్లిసరాల్ పేరుకుంటుంది. గ్లిసరాల్ నీటిని లోపలికి గుంజుతుంది. లోపలి పీడనం 8 మెగాపాస్కల్స్ వరకు, అంటే కారు టైరులోని గాలి పీడనానికి ముప్పై రెట్లకు పైగా పెరుగుతుంది. ఆకు పైపొరకు చిల్లు పడేది ఆ ఒత్తిడితోనే. గ్లిసరాల్ బయటకు కారిపోకుండా కాపాడేది కణకవచంలోని మెలనిన్ పొర. మెలనిన్ తయారీకి అవసరమైన రిడక్టేజ్ ఎంజైమును ట్రైసైక్లాజోల్ అడ్డుకుంటుంది. మెలనిన్ లేని అప్రెసోరియం ఆకును చీల్చలేదు. కాని ఒకసారి లోపలికి ప్రవేశించిన శిలీంధ్రానికి ఆ పొరతో పని లేదు. అందువల్ల మచ్చలు ముదిరిన తరువాత చల్లిన మందు కొత్త ఆకులను కొంత కాపాడవచ్చును గాని, ఉన్న మచ్చలను ఆపజాలదు. మెడ విరుపు విషయంలో ఈ ఆలస్యం ఖరీదైనది. వెన్ను మెడ నల్లబడిన తరువాత గింజలోకి పోషకాలు చేరే దారి మూసుకుపోతుంది.

సిఫారసు పుస్తకాలలో ఈ తెగులుకు ట్రైసైక్లాజోల్ లేదా ఐసోప్రోథయోలేన్ లేదా కాసుగామైసిన్ అని ఉంటుంది. మొదటిది మెలనిన్ తయారీని, రెండవది ఫాస్ఫోలిపిడ్ల తయారీని, మూడవది ప్రోటీన్ల తయారీని అడ్డుకుంటుంది. మూడు వేర్వేరు జీవక్రియలను ‘లేదా’ అనే ఒక్క మాట సమానం చేసివేసింది. చదివేవారికి ధర తప్ప మరో తేడా కనిపించదు.

వ్యాధిని దాని జీవక్రియ దగ్గర పట్టుకోవాలన్న ఆలోచన తెలుగువారికి కొత్తది కాదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రూపొందించిన భాస్వరం అంచనా పద్ధతి 1925లో వెలువడింది. జీవరసాయన ప్రయోగశాలలో విద్యార్థులు ఈనాటికీ ఆ పేరు వింటారు. అనంతరం లెడర్లీ ప్రయోగశాలలలో ఆయన నాయకత్వంలోని బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల నిరోధకాలతో సిడ్నీ ఫార్బర్ 1947లో పిల్లల రక్త క్యాన్సర్‌కు చికిత్స ప్రారంభించి, తాత్కాలికంగానైనా వ్యాధిని వెనక్కు తగ్గించగలిగారు. త్వరత్వరగా విభజన చెందే కణానికి డీఎన్ఏ తయారీలో ఫోలిక్ ఆమ్లం అవసరం. ఆ మెట్టును అడ్డుకోవడమే చికిత్స. వైద్య విద్యార్థికి మందు పేరుతో పాటు అది ఆపే మెట్టునూ నేర్పుతారు. వ్యవసాయ విద్యార్థికి కూడా నేర్పుతారు, కాని అది పరీక్ష దాటి పొలం దాకా రాదు.

పసుపు పంటలో ఈ లోపం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో ఆకుమచ్చ తెగులుకు వాడే ప్రోపికొనజోల్, శిలీంధ్ర కణపొరకు అవసరమైన ఎర్గోస్టెరాల్ తయారీని ఆపుతుంది. అక్కడ అది తగిన మందే. అదే మందును దుంపకుళ్ళుకు మొదళ్ళలో పోస్తే ఖర్చు తప్ప ఫలితం ఉండదు. దుంపకుళ్ళుకు కారణమైన పిథియం అసలు స్టెరాల్‌ను తయారుచేసుకోదు. లక్ష్యమే లేని చోట బాణం వేసినట్లే. ఆర్ఎన్ఏ తయారీని అడ్డుకునే మెటలాక్సిల్ పనిచేసేది, ఆ మెట్టు పిథియంలో ఉన్నందువల్ల. దానికీ మురుగునీరు తీయడం తోడు కావాలి.

రోగకారకపు జీవక్రియ ఒక పక్క, పైరు జీవక్రియ మరో పక్క. పైరు నల్లగా నిగనిగలాడాలని పైపాటుగా యూరియా ఎక్కువ వేసిన మడిలో, మొక్క వాడుకోలేని నత్రజని ఆకులో స్వేచ్ఛా అమైనో ఆమ్లాల రూపంలో పేరుకుంటుంది, సిలికా తగ్గుతుంది. శిలీంధ్రానికి అది వడ్డించిన విస్తరి. మందు సంచి కన్నా ముందు యూరియా సంచిని అడగవలసి ఉంటుంది.

ఎండాకు తెగులు బాక్టీరియా ఇంకా తెలివైనది. తన ప్రోటీన్‌ను వరి కణంలోకి పంపి, స్వీట్ 11 వంటి చక్కెర రవాణా జన్యువులను మేల్కొలిపి, తన ఆహారాన్ని మొక్క చేతనే బయటకు పోయించుకుంటుంది. ఎక్స్‌ఏ 13 అనే నిరోధక జన్యువు నిజానికి ఆ స్వీట్ 11 జన్యువే. దాని ఆరంభ భాగంలో మార్పు వల్ల ఆ ప్రోటీన్‌కు పట్టు దొరకదు, తలుపు తెరుచుకోదు. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి బీపీటీ 5204లో ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5 జన్యువులను చేర్చి రూపొందించిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది. నమ్మదగిన మందు లేని తెగులుకు చికిత్స విత్తనంలోనే దొరికింది.

రైతుకు ఇంత జీవరసాయన శాస్త్రం ఎందుకన్న అభ్యంతరం విస్తరణ సమావేశాలలో వినిపించేదే. రైతుకు ఎంజైము పేరు అక్కరలేదు. కాని ఏ కలుపు మందు మొలకెత్తక ముందు చల్లాలో, ఏది తరువాతో అతడు ఏనాడో నేర్చుకున్నాడు. శిలీంధ్రనాశినులలో ఆ తేడా అతనికి ఎవరూ చెప్పలేదు. పాముపొడకు ప్రోపికొనజోల్, హెక్సాకొనజోల్, టెబుకొనజోల్‌లను మార్చి మార్చి వాడుతూ మందు మారుస్తున్నానని అతడు నమ్ముతాడు. మూడూ ఒకే మెట్టును ఆపేవి. అంతర్జాతీయ వర్గీకరణలో మూడింటి సంఖ్యా 3. నిరోధక శక్తి పెరిగే దారి అదే.

పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, సారంగాపూర్ ఒకే జిల్లాలోనివి. ఒక యాసంగిలో కొన్ని రైతు మడులలో, ట్రైసైక్లాజోల్‌ను వెన్ను బయటపడే ముందు ఒక భాగంలో, మెడ నల్లబడ్డాక మరో భాగంలో చల్లి చూపడానికి పెద్ద నిధులు అవసరం లేదు. సిఫారసు పట్టికలోనూ మందు, మోతాదు పక్కన రెండు గడులు చేర్చవచ్చును: ట్రైసైక్లాజోల్‌కు ‘మెలనిన్; సోకక ముందు’ అని, మెటలాక్సిల్‌కు ‘ఆర్ఎన్ఏ; పిథియం జాతి తెగుళ్ళకే’ అని. ముందుగా తీసివేయవలసినది ఆ ‘లేదా’.