టైరు ఇచ్చిన బగ్ రిపోర్ట్

రాత్రి ఆర్డర్ పెట్టిన మిక్సీ పొద్దున్నే గుమ్మంలో ఉంటే మీరు యాప్‌కి ఐదు స్టార్లు ఇస్తారు. నేనూ అంతే. పైగా ఆ వస్తువులు దాచే గోడౌన్లకు సాఫ్ట్‌వేర్ రాయడమే నా ఉద్యోగం. కాబట్టి ఆ స్టార్లలో ఒకటి నాదేనని చిన్న గర్వం. దాన్ని దించింది అరచేతిలో పట్టేంత టైరు ముక్క!

మేడ్చల్ దగ్గర ఒక పెద్ద గోడౌన్. అక్కడ రీచ్ ట్రక్కులు తిరుగుతుంటాయి. అంటే ఇరుకు సందుల్లో దూరి, ప్యాలెట్‌ను 8 మీటర్ల ఎత్తు ర్యాకులో పెట్టి వచ్చే కరెంటు ఫోర్క్‌లిఫ్టులన్నమాట. ఆపరేటర్ ముందున్న స్క్రీన్ మీద ‘తర్వాత ఎక్కడికి వెళ్లాలి’ అని చూపించేది మా కోడ్. ఒక పనికీ ఇంకో పనికీ మధ్య గ్యాప్ ఎక్కువుందని, నేను ఆ గ్యాప్ తీసేశాను. డ్యాష్‌బోర్డ్ పచ్చగా కళకళలాడింది. టీమంతా బిర్యానీ తిన్నాం.

మూడు వారాలకు ఫోన్. రెండు బండ్ల డ్రైవ్ టైర్లు ఊడిపోయాయి. మేనేజర్‌ది ఒకటే మాట: “ర్యాష్‌గా తోలుతున్నారు. జీతంలో కట్ చేస్తాం.”

నేను వెళ్లేసరికి ఆపరేటర్ అన్న ఆ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. “సార్, బండి స్పీడ్ ముందే లాక్ చేసిన్రు. ఇగ ర్యాష్‌గ ఎట్ల తోల్త? మీ యాపే ఈ మూల నుంచి ఆ మూలకు తిప్పుతుంది. ఆగనిస్తలేదు. మా సంగతి సరే, బండికన్న జర ఊపిరి తీస్కోనియ్యాలె గద!”

బండికి ఊపిరేంటి అనుకున్నా. కూర్చుని చదివాక అర్థమైంది, ఆయన చెప్పింది అచ్చమైన ఇంజినీరింగ్.

ఆ టైర్లు పాలీయురెథేన్‌వి. అందరూ పీయూ అంటారు. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన పదార్థం. మీ పరుపులో స్పాంజి, స్కేట్‌బోర్డు చక్రం కూడా సాధారణంగా ఈ కుటుంబమే. గోడౌన్లో దీనికి అంత గిరాకీ ఎందుకంటే, అదే సైజు రబ్బరు టైరు కన్నా ఎక్కువ బరువు మోస్తుంది. తేలిగ్గా దొర్లుతుంది, అందుకే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. నున్నటి ఫ్లోర్ మీద నల్ల గీతలు పడవు.

దీని పెద్ద బలహీనత, వేడి. బరువు కింద టైరు ప్రతి చుట్టుకీ కొంచెం నొక్కుకుని మళ్లీ లేస్తుంది. అలా నొక్కుకున్న ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారుతుంది. పీయూ ఆ వేడిని త్వరగా బయటికి వదలదు. పైన చెయ్యి పెడితే గోరువెచ్చగానే ఉంటుంది, లోపల మాత్రం కాగుతూ ఉంటుంది. చివరికి స్టీలు రింగుకు అంటుకున్న చోట పట్టు వదులుతుంది, లేదా ముక్కలుగా లేచిపోతుంది. మధ్యమధ్యలో బండి ఆగితే చల్లబడుతుంది. నేను ‘వేస్ట్’ అని డిలీట్ చేసిన గ్యాప్ అదే!

సరే, అసలు ఏ టైరు కొనాలి? ధర కన్నా ముందు మూడు ప్రశ్నలు అడగాలి.

ఒకటి, నేల ఎలాంటిది? గోడౌన్ లోపల నున్నటి కాంక్రీటు అయితే పీయూ భేషు. బండి బయట కంకర యార్డులోకి కూడా వెళ్తుందంటే పీయూ వద్దు, రబ్బరుకే ఓటు.

రెండు, తడి ఉందా? నీళ్ల మీద నున్నటి పీయూ జారుతుంది. అలాంటి చోట గాడులు కోసిన టైరు కావాలి. పీయూలోనూ రెండు రకాలున్నాయి. పాలీఎస్టర్ రకం కోతలకు, నూనెలకు బాగా తట్టుకుంటుంది కానీ వేడీ తేమా కలిస్తే కాలక్రమంలో బలం కోల్పోతుంది. పాలీఈథర్ రకం తేమను తట్టుకుంటుంది. కోల్డ్ స్టోరేజీకి తీసుకునేటప్పుడు ‘ఇది ఏ రకం’ అని సప్లయర్‌ని గట్టిగా అడగండి.

మూడు, ఎంత బరువుతో, ఎంత దూరం ఆగకుండా నడుస్తుంది? గట్టిదనాన్ని షోర్ ఏ స్కేలు మీద కొలుస్తారు. కారు టైరు దాదాపు 60-70 ఉంటే, ఈ పీయూ టైర్లు ఎక్కువగా 80-95 మధ్య ఉంటాయి. 95 అయితే బరువు బాగా మోస్తుంది కానీ ప్రతి కుదుపూ ఆపరేటర్ నడుముకే. కాస్త మెత్తనిది పట్టు ఇస్తుంది, కుదుపు తగ్గిస్తుంది కానీ బరువు తక్కువ మోస్తుంది. ‘గట్టిది కొంటే ఎక్కువ కాలం వస్తుంది’ అనే లెక్క ప్రతిసారీ నిజం కాదు.

ఇక మెయింటెనెన్స్. షిఫ్టు మొదట్లో రెండు నిమిషాలు చాలు. తాళం తీసేసి, టైరులో దిగిన మేకులు, ప్యాలెట్ చెక్క పేళ్లు పీకేయాలి. ఇరుసుకు చుట్టుకున్న ప్లాస్టిక్ ర్యాపర్ కోసి తీయాలి, లేకపోతే అది బేరింగ్ దాకా పోతుంది. నడిచేటప్పుడు ఒకే తాళంలో టక్ టక్ అని వినిపిస్తే టైరులో ఒకచోట చదును పడిందని అర్థం. లోడుతో బండిని రాత్రంతా నిలబెడితే అలాంటి చదునే పడుతుంది. నిలబడ్డచోటే స్టీరింగ్ గిరగిరా తిప్పడం కూడా టైరును అరగదీస్తుంది. నేల ఊడవడం కూడా టైరు మెయింటెనెన్సే. నెలకోసారి చక్రం వ్యాసం కొలిచి రాసుకోండి. కంపెనీ చెప్పిన హద్దు దాటితే మార్చాల్సిందే. ముందు లోడ్ వీల్స్‌ని రెండు పక్కలా కలిపి మార్చడం మంచిది.

ఎందుకంటే చిన్న లెక్క చూడండి. రెండు పక్కల చక్రాల మధ్య దూరం 1 మీటరు అనుకుందాం. ఒక పక్క టైరు అరిగి బండి 5 మిల్లీమీటర్లు కిందికి దిగితే, 8 మీటర్ల ఎత్తులో ప్యాలెట్ 40 మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది. ర్యాకు అంచు తగలడానికి అది చాలు. కింద మనిషి ఉంటాడు.

తర్వాతి మీటింగులో లాగ్స్ తెరిచాను. స్పీడ్ ఎక్కడా లిమిట్ దాటలేదు. దాటింది ఆగకుండా నడిచిన దూరం. ఆ దూరం ఇచ్చింది నా కోడ్. “తప్పు ఆపరేటర్‌ది కాదు, నాది” అని చెప్పడానికి గొంతు కాస్త తడారింది. జీతం కోత ఆగింది. మా లీడ్ మాత్రం వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

కోడ్ మార్చాను. ఇప్పుడు బరువైన దూరప్రయాణం తర్వాత దగ్గర పని ఇస్తుంది. స్క్రీన్ మీద ఒక బటన్ కూడా పెట్టాను: ‘టైరు సౌండ్ వస్తోంది’. డ్యాష్‌బోర్డ్ మునుపటంత పచ్చగా లేదు, నిజమే.

ఆ బటన్ మొదటిసారి నొక్కింది ఆ అన్నే. వెళ్లి చూస్తే టైరులో అంగుళం మేకు. “సూడు సార్, ఇప్పుడు మీ యాప్‌కి చెవులొచ్చినయ్” అన్నాడు.

నాకు వచ్చిన స్టార్లలో నిజమైనది ఇదొక్కటే అనిపించింది.