లెక్కలోకి రాని చక్రం

"అది మూలపడి పాతికేళ్ళు దాటింది. పాతసామాన్లవాడు నూటయాభై ఇస్తానంటున్నాడు, ఇచ్చేద్దాం" అన్నాడు మా తమ్ముడు. నాన్నగారు పోయాక, అమ్మని మా ఇంటికి తీసుకొచ్చేస్తూ ఆ ఇల్లు ఖాళీ చేస్తున్న రోజులవి. 'అది' అంటే సూట్‌కేసులా మూత ఉండే రికార్డు ప్లేయరు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. కారెక్కేటప్పుడు మాత్రం దాన్ని పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

పెళ్ళికి ముందు అమ్మ ఆరేళ్ళు సంగీతం నేర్చుకుంది. అత్తవారింట్లో గొంతెత్తే వీలు లేకపోయింది. 'శంకరాభరణం' వచ్చిన 1980లో, ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఆ పెట్టె, ఆ సినిమా రికార్డు కొనిపించుకుంది. డబ్బు అమ్మదే అయినా దానిమీద చెయ్యి వేసే హక్కు మాత్రం నాన్నగారిది. "ఆడవాళ్ళు ముట్టుకుంటే సూది విరిచేస్తారు" అనేవారు. ఆయన ఇంట్లో ఉంటే పాట, లేకపోతే లేదు.

మా ఊళ్ళో రిపేరు షాపులు మూడు తిరిగాను. ఇద్దరు పార్టులు రావన్నారు. మూడో ఆయన "సార్‌ని పంపండమ్మా, ఆయనకి చెప్తాను" అన్నాడు. చూశారా! కుక్కరు గాస్కెట్టు, కుట్టుమిషను బెల్టు, మిక్సీ జారు బిగించే నాకు అర్థం కాదట! రోషం వచ్చి ఇంటికొచ్చి, ప్లగ్గు పీకేసి, మూత విప్పాను.

తీరా చూస్తే లోపల పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక మోటారు, దాని ఇరుసు. రికార్డు పెట్టే పళ్ళెం. ఆ రెంటి మధ్యా నొక్కుకుని తిరిగే రబ్బరు చక్రం ఒకటి. ఇరుసు చక్రాన్ని తిప్పితే, చక్రం పళ్ళేన్ని తిప్పుతుంది. మా చక్రం రబ్బరు ఎండి రాయిలా అయిపోయింది. ఇన్నేళ్ళూ ఒకేచోట నొక్కుకుని ఉండటంతో అక్కడ చదునుగా గుంట పడింది. పట్టు లేక జారిపోతోంది.

గట్టిపడిన రబ్బరు గీకేసి, గరుకు కాగితంతో అంచు సాపు చేశాను. పంపు సామాన్ల షాపులో నీళ్ళ పైపులకి వేసే గుండ్రటి రబ్బరు రింగు పది రూపాయలకి దొరికితే, బండికి టైరు తొడిగినట్టు తొడిగాను. సూది దగ్గర మాత్రం ఇలాంటి తెలివితేటలు పనికిరావు. కుట్టుసూదో, గుండుసూదో పెడితే రికార్డు గాళ్ళు గీసుకుపోతాయి, మళ్ళీ బాగుపడవు. అందుకని అసలు సూదే హైదరాబాదు కోఠీలో వెతికించి తెప్పించాను. కరెంటు తీగ పైన రబ్బరు పెళుసెక్కితే ఎలక్ట్రీషియన్ చేత కొత్తది వేయించాను. ప్రాణంతో చెలగాటం ఎందుకు?

రికార్డు పెట్టాను. పాట వచ్చింది! నేను ఎగిరి గంతేస్తే అమ్మ మొహం చిట్లించింది. "శ్రుతి దిగిందే" అంది.

ఆ రికార్డు నిమిషానికి ముప్ఫై మూడున్నొక పావుకి కాస్త ఎక్కువ, అంటే మూడు నిమిషాలకి సరిగ్గా 100 చుట్లు తిరగాలి. పళ్ళెం అంచుకి కాగితం ముక్క అంటించి, గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. 97! ఆ మూడు చుట్ల తేడాకే పాట ఇంచుమించు అర స్వరస్థానం కిందికి దిగుతుంది. నలభై ఏళ్ళుగా పాడని మనిషి చెవి దాన్ని పట్టేసింది. పళ్ళెం ఇరుసులో పాత నూనె జిగురుగా పేరుకుంది. స్పిరిట్ దూదితో తుడిచి, రెండు చుక్కలు మిషను నూనె వేశాను. ఈసారి 100.

నన్ను ఆలోచనలో పడేసిన సంగతి ఇంకోటుంది. నేను తొడిగిన రింగు పాత రబ్బరుకంటే కాస్త లావు. వేగం మారిపోతుందేమోనని భయపడ్డాను. మారదు. వేగాన్ని తేల్చేవి మోటారు ఇరుసు కొలత, పళ్ళెం లోపలి అంచు కొలత, ఈ రెండే. మధ్య చక్రం చిన్నదైనా పెద్దదైనా లెక్కలో కొట్టుకుపోతుంది. కానీ అది లేకపోతే పళ్ళెం కదలదు!

ఇది మన సంగతే కదూ? జనాభా లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసే స్త్రీని 'పని చేయనివారి' కిందే రాస్తారు. 2019లో ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఇంచుమించు అయిదు గంటల పని, అయినా అది 'పని' కాదు. చిరిగింది కుట్టడం, ఊడింది బిగించడం, లేనిదానికి బదులు ఉన్నదానితో సర్దడం మనకి పుట్టినప్పట్నించీ అలవాటే. అదే పని మగవాడు స్క్రూడ్రైవరు పట్టుకుని చేస్తే నైపుణ్యం, మనం చేస్తే సర్దుబాటు.

తప్పు మనలోనూ లేకపోలేదు. ఫ్యాను ఆగితే అబ్బాయిని కేకేస్తాం. అమ్మాయి చూడబోతే "నీకెందుకే, షాకు కొడుతుంది" అంటాం. షాకు ఇద్దరికీ కొడుతుంది. ప్లగ్గు పీకడం ఇద్దరికీ నేర్పితే సరిపోతుంది. ఈసారి ఏదైనా పాడైతే పారేసేముందు ఒక్కసారి మూత విప్పి, మీ అమ్మాయిని పక్కన కూచోబెట్టుకోండి. బాగుపడకపోయినా పోయేదేముంది? ఎలాగూ పారేసేదేగా.

ఇప్పుడు రోజూ సాయంత్రం అమ్మే మూత తీసి, అమ్మే రికార్డు పెట్టుకుంటోంది. మొదటిరోజు చెయ్యి వణికింది. ఇన్నాళ్ళయినా సూది ఇంకా విరగలేదు. నిన్న నేను వంటింట్లో ఉండగా పాటతోపాటు ఇంకో గొంతు కూడా సన్నగా వినిపించింది. నేను బయటికి రాలేదు. వస్తే ఆపేస్తుందేమోనని.