సీజర్ అను శునకము – మన ఋణము

ముంబయి సమీపంలోని విరార్‌లో ఒక వ్యవసాయక్షేత్రమున విశ్రాంతజీవనం గడిపిన సీజర్ అనే లాబ్రడార్ శునకం 2016 అక్టోబరులో కన్నుమూసింది. 2008 నవంబరు 26న ఆ మహానగరంపై దాడి జరిగినప్పుడు, ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో ముష్కరులు విడిచిపోయిన గ్రెనేడ్లను పసిగట్టినది ఇదే. నారీమన్ హౌస్ గాలింపులోనూ పాల్గొన్నది. దీని సహచరి మాక్స్ తాజ్ హోటల్ వెలుపల ఆర్.డి.ఎక్స్.ను కనిపెట్టింది. మాక్స్, సుల్తాన్, టైగర్, సీజర్ – నాలుగూ ఒకే దళంలో పనిచేసి, ఒకే చోట విశ్రమించి, అదే సంవత్సరంలో ఒకదాని వెంట ఒకటి వెళ్లిపోయాయి. తోటివారు పోయిన పిమ్మట సీజర్ దిగులుతో క్రుంగిపోయిందని నాటి పత్రికలు వ్రాశాయి.

ఇట్టి శునకాలను స్మరించేటప్పుడు మన ప్రవచనాలలో ఒక మాట తరచుగా వినబడుతుంది: "ఇదే నిష్కామకర్మ, మూగజీవి మనకు నేర్పిన గీతాసారం" అని. భావం మంచిదే. కాని సిద్ధాంతదృష్టితో చూస్తే అది నిలువదని నా అభిప్రాయం. శిక్షణ పొందిన శునకం ఎందుకు వెదకుతుంది? వాసన దొరికితే శిక్షకుడు బంతి విసురుతాడు, లేదా ఇష్టమైన తిండి పెడతాడు, మెచ్చుకొని నిమురుతాడు. దానికి అది ఆట. సంచిలో ఉన్నది మృత్యువని దానికి తెలియదు. ఫలాపేక్ష మాటకు వస్తే, బంతి కోసం అంతగా తపించే ప్రాణి మరొకటి ఉండదేమో! కర్తృత్వాభిమానం కలిగినవాడు దానిని విడిచినప్పుడే నిష్కామత్వం సిద్ధిస్తుంది. పశుజన్మ భోగయోని, అందు కొత్త పుణ్యపాపాల సంచయం లేదని మన పెద్దలు నిర్ణయించారు.

ఇంతమాత్రాన శునకసేవ తక్కువదని నేననడం లేదు. దాని వలన తేలేది వేరొకటి. ప్రమాదం సంగతి తెలిసినది మనకు. దానిని ఆ గదిలోకి పంపాలని సంకల్పించినదీ మనమే, ప్రాణాలు దక్కించుకొన్నదీ మనమే. ఆ కర్మలో ధర్మాధర్మాల లెక్క అంతా మన ఖాతాలోనే పడుతుంది. శునకాన్ని యోగిగా కీర్తిస్తే ఆ లెక్క సులభంగా మరుగున పడిపోతుంది. యోగికి ఎవరూ ఏమీ బాకీపడరు కదా!

మహాప్రస్థానిక పర్వాన్ని ఈ దృష్టితో మరల చదువవలసి ఉన్నది. ధర్మరాజు శునకాన్ని విడువక నిలిచిన ఘట్టం అందరికీ తెలుసు. అయితే ఇంద్రుడు వేసిన చిక్కుప్రశ్నను చాలామంది దాటవేస్తారు: తమ్ములను, ద్రౌపదిని దారిలో విడిచి వచ్చినవాడవు, ఒక కుక్కను విడువలేవా? ధర్మరాజు సమాధానం సూక్ష్మమైనది. మరణించినవారిని తాను బ్రతికించలేడు. వారు జీవించి ఉండగా తాను విడువలేదు. ఈ శునకం జీవించి ఉన్నది, తనను ఆశ్రయించి ఉన్నది. భక్తత్యాగం బ్రహ్మహత్యతో సమానమని ఆయన నిశ్చయం. పిదప ధర్మదేవత ఆయనలో మెచ్చుకొన్న గుణం సర్వభూతముల యెడ అనుక్రోశం.

జీవించి ఉండగా అన్న ఈ భేదమే మన విషయంలో ప్రధానం. పోయిన శునకానికి పూలమాల, గౌరవవందనం, పత్రికలో ఛాయాచిత్రం – ఇవి ఒక్కపూట పని. ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు సేవచేసి, కీళ్లు పట్టేసి, చూపు మందగించిన శునకానికి రోజూ తిండి, మందు, తోడు ఇవ్వడం దీర్ఘమైన పని. మన సైన్యంలో సేవకు పనికిరాని శునకాలను కారుణ్యమరణం పేరిట అంతమొందించే పద్ధతి చాలాకాలం ఉండేదన్నది సమాచార హక్కు చట్టం ద్వారా వెలుగులోకి వచ్చిన సత్యం. విమర్శల అనంతరం దత్తత, వృద్ధాశ్రమాల ఆలోచన బలపడింది. కాని తగిన గృహం దొరకడం నేటికీ శునకం అదృష్టాన్ని బట్టియే ఉన్నది.

భారతం ఆదిపర్వంలోనే సరమ అనే దేవశునకి కథ వస్తుంది. నిరపరాధి అయిన తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టారని ఆమె జనమేజయుని యాగస్థలానికి వచ్చి నిలదీసింది. సమాధానం చెప్పేవారు లేకపోయారు. నిరపరాధిని కొట్టినందుకు శాపం తగిలింది.

గృహస్థునికి విహితమైన వైశ్వదేవంలో శునకాలకు అన్నం నేలపై ఉంచే విధి ఉన్నది. నేటి ఇళ్లలో అది దాదాపు లుప్తమైపోయింది. మొయినాబాదులోని శిక్షణకేంద్రం నుండి ఏటా జాగిలాలు తెలుగు జిల్లాలకూ, ఇతర రాష్ట్రాలకూ విధులకు వెళుతూనే ఉన్నాయి. వాటిలో ప్రతి ఒక్కటీ కొన్నేళ్లకు విశ్రాంతి పొందవలసినదే. గోశాలలకు ఉదారంగా ఇచ్చే మన భక్తసమాజాలు, దేవాలయ ట్రస్టులు తమ జిల్లా పోలీసు జాగిలాల విభాగానికి వెళ్లి, ఈ యేడు విశ్రాంతి పొందేవి ఎన్ని, వాటికి ఆశ్రయం ఎక్కడ అని అడుగవచ్చును. ఇంటిలో చోటు ఉన్నవారు ఒకదానిని తెచ్చుకొనవచ్చును. అయితే దానిని ఇన్నేళ్లు పెంచిన శిక్షకుడు తనతో తీసుకుపోదలిస్తే మొదటి అధికారం ఆయనదే.