విజ్ఞాన వీచిక: మంచు వీడిన రాయికి వయస్సెంత?

పల్సానా పరిసరాల్లో పనిచేసే మన సహోద్యోగులకు నిత్యం కనిపించేది రోడ్లకు కంకరగా పరిచే నల్లరాయి. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం లావాగా పొంగి గట్టిపడిన దక్కను బసాల్టు అది. అచ్చట హిమానీనదాల ఊసే లేదు. అయినను అక్కడి మిత్రులొకరు, వేల ఏండ్ల నాడు మంచు వెనుకకు తగ్గినదని శాస్త్రజ్ఞులు ఏ ఆధారంతో చెబుతారని మమ్మల్ని అడిగారు. ఆధారం రాతిలోనే ఉన్నది.

విశ్వకిరణాలు నిరంతరం భూమిని తాకుతుంటాయి. బయటపడి ఉన్న పలుగురాతిలోని ఆక్సిజన్ పరమాణువులను అవి ఛేదించగా బెరీలియం-10 అనే అరుదైన పరమాణువులు పుడతాయి. సముద్రమట్టం వద్ద గ్రాము పలుగురాతికి ఏడాదికి నాలుగైదు మాత్రమే. ఎత్తయిన పర్వతాలపై అంతకు అనేక రెట్లు. పైన పదుల మీటర్ల మంచు ఉన్నంతకాలం ఈ లెక్క దాదాపు ఆగి ఉంటుంది. మంచు తొలగిన నాడు మొదలవుతుంది. కనుక హిమానీనదం వదలిపోయిన బండ పైపొరను ఉలితో కొద్ది సెంటీమీటర్ల మందాన తీసి, ఆమ్లాలతో పలుగురాతిని శుద్ధిచేసి, యాక్సిలరేటర్ సహాయంతో ఆ పరమాణువులను లెక్కిస్తారు. న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఈ సౌకర్యం కలదు. బండ మధ్యలో దొర్లినా, మంచు కిందికి పోకముందే కొంత బెరీలియం కూడబెట్టుకున్నా లెక్క తప్పుతుంది. ఒక్క బండ సాక్ష్యం చాలదు.

గంగోత్రి విషయంలో ఈ విధానం విలువ తెలుస్తుంది. గోముఖం వద్ద మంచు అంచును భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు చెందిన ఆడెన్ 1935లో పటంలో గుర్తించారు. నేటి తిరోగమనం ఎంత అసాధారణమైనదో అంత కొద్దికాలపు కొలతలతో తేలదు. భాగీరథీ లోయపై 2004లో వెలువడిన పరిశోధన బండల్లోని బెరీలియం ద్వారా వేల ఏండ్ల వెనుకకు పోగలిగింది. భుజ్‌బాస్ వద్దకు మంచు చివరిసారి వచ్చిన కాలం సుమారు 200–300 సంవత్సరాల క్రితమని తేల్చింది.

మరి తెలుగునేల పొలిమేరలోని హిమానీనదం మాటేమిటి? పెన్‌గంగ తీరాన, చంద్రపూర్ సమీపంలోని ఇరై వద్ద, సున్నపురాతిపై మంచు ఈడ్చిన గీతలు 1872లో కంటబడ్డాయి. ఫెడెన్ వివరణ 1875లో వెలువడింది. సింగరేణి బొగ్గుపొరలకు అడుగున ఉండే తాల్చేర్ శిలలు ఆ మంచుకాలానివే. అది దాదాపు 30 కోట్ల సంవత్సరాల నాటి మాట. బెరీలియం-10 అర్ధాయువు సుమారు 14 లక్షల సంవత్సరాలే. రెండు వందల సార్లకు పైగా సగమైన పిమ్మట ఇక మిగిలేదేమి? పైగా సున్నపురాతిలో పలుగురాయి అరుదు. అచ్చట కాలనిర్ణయానికి తాల్చేర్ పొరల్లో చిక్కుకున్న పుప్పొడి శిలాజాలనే ఆశ్రయించాలి.