చెంచాడు నూనెతో కరకరలాడే పచ్చని వేపుడు



ఈ మధ్య మన పల్లెలలో కొన్ని ఇండ్లకు ఒక కొత్త వస్తువు వచ్చి చేరుచున్నది. కువైట్‌లో పని చేయు కుమార్తె సెలవుకు వచ్చుచు తెచ్చినది ఒక ఇంట, హైదరాబాదులో ఉద్యోగము చేయు కుమారుడు పండుగకు పంపినది మరియొక ఇంట. నల్లగా, బిందె అంత ఉండి, ముందు వైపు సొరుగు కలిగిన ఆ యంత్రమును ఎయిర్ ఫ్రయర్ అందురు. మేము గృహ దర్శనములకు వెళ్లినప్పుడు, "దీనితో ఏమి చేయాలో తెలియదండీ అయ్యగారూ, పిల్లలు వచ్చినప్పుడు చికెన్ ముక్కలు వేసుకుంటారు" అని తల్లులు చెప్పుచుందురు. అదే ఇంట తండ్రిగారికి షుగరు, తల్లిగారికి బి.పి. నూనె తగ్గించుమని డాక్టరుగారు చెప్పియున్నారు. అయితే వేపుడు లేనిదే ముద్ద దిగదు. కాబట్టి ఈ నెల మన వంటింటి శీర్షికలో, ఆ యంత్రములో మన పచ్చని కూరగాయలను కరకరలాడునట్లు ఎట్లు చేసుకొనవచ్చునో, అది లేనివారు ఏమి చేయవచ్చునో తెలుసుకొందము.

పేరు వేపుడు, పని వేడిగాలి

పేరులో వేపుట ఉన్నను ఈ యంత్రము నిజముగా వేపదు. ఇది ఒక చిన్న ఓవెన్. పైన వేడి తీగ ఉండును, దాని దగ్గర ఒక ఫ్యాను తిరుగును. ఆ ఫ్యాను వేడిగాలిని చిల్లుల బుట్టలోని ముక్కల చుట్టు వేగముగా త్రిప్పును. ఈ ఉపాయము కొత్తది కాదు. విమానములలో భోజనము వేడి చేయుటకై ఫ్యాను గల ఓవెన్‌ను అమెరికాలో మాక్సన్ అనునతడు 1945 ప్రాంతములోనే తయారు చేసెను. ఇంటి వాడుకకు తగిన చిన్న యంత్రమును ఎయిర్ ఫ్రయర్ అను పేరుతో ఫిలిప్స్ కంపెనీ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో పెట్టినది.

ముక్క ఎందుకు కరకరలాడునో తెలిసినచో వంట సులువగును. పచ్చి కూరగాయలో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు నీరే. ముక్క పైభాగము తడిగా ఉన్నంత వరకు దాని వేడి 100 డిగ్రీలు దాటదు. అంత వరకు అది ఉడుకును గాని వేగదు. పైతడి ఆరిపోయిన తరువాతనే వేడి 140 డిగ్రీలు దాటి, ముక్క ఎర్రబడి, పెళుసెక్కును. మూకుడులో ఆ తడిని నూనె వెళ్లగొట్టును, ఇక్కడ గాలి వెళ్లగొట్టును. కాబట్టి ఈ వంటలో మన శత్రువు తడి. ఈ ఒక్క మాట జ్ఞాపకముంచుకొనిన చాలును.

అయితే నూనె బొత్తిగా మానవచ్చునా అని కొందరడుగుదురు. మానకూడదు. చెంచాడు నూనె ముక్కకు పట్టినప్పుడే వేడి అంతట సమముగా తగులును, ఉప్పు కారము అంటుకొనును. మరియు పచ్చని కూరలలో విటమిన్ ఏగా మారు పదార్థము మన ఒంటికి పట్టవలెనన్నను కొంచెము కొవ్వు అవసరము.

నూనె లెక్క

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో, రోజుకు 2000 కెలోరీలు తినువారికి నూనె, నేయి అన్నియు కలిపి 27 గ్రాములని చెప్పియున్నారు. మన ఇండ్లలో పావు కిలో బెండకాయ వేపుడుకు మూడు నాలుగు పెద్ద చెంచాల నూనె పోయుట వాడుక. నాలుగు పెద్ద చెంచాలనగా సుమారు 55 గ్రాములు. నలుగురు పంచుకొన్నను మనిషికి 14 గ్రాములు. అనగా ఒక్క వేపుడుతోనే రోజు లెక్కలో సగము తీరిపోవుచున్నది. తాలింపు, పచ్చడి, నేయి ఇంకను మిగిలియున్నవి. ఎయిర్ ఫ్రయర్‌లో అదే పావు కిలోకు ఒక్క టీ చెంచా చాలును. మనిషికి వచ్చునది గ్రాము చిల్లర మాత్రమే.

మరియొక లాభము కలదు. మూకుడులో మిగిలిన నూనెను మరల మరల కాచు అవసరముండదు. కాగి కాగి నల్లబడిన నూనె ఆరోగ్యమునకు చెరుపు. అందుకే భారత ఆహార భద్రతా సంస్థ అట్టి నూనె విషయమై ఒక హద్దు పెట్టి, 2018 జూలై 1 నుండి అమలులోనికి తెచ్చినది.

బెండకాయ వేపుడు చేయు విధము

1. లేత కాయలు పావు కిలో తీసుకొనుడి. ముక్కు విరిచినప్పుడు టక్కున విరగవలెను.

2. కాయలను కోయక ముందే కడిగి, పొడి గుడ్డతో తుడిచి, చేటలో పరచి అరగంట ఆరనీయుడి. కోసిన తరువాత నీరు తగిలినచో జిగురు సాగి, ముక్క మెత్తబడును.

3. అర అంగుళము ముక్కలుగా గాని, పొడవున నాలుగు చీలికలుగా గాని కోయుడి.

4. ఒక టీ చెంచా నూనె, చిటికెడు పసుపు, అర చెంచా కారము వేసి చేతితో కలుపుడి. ఇంకను పెళుసుగా కావలెనన్నచో ఒక చెంచా బియ్యపు పిండి, రెండు చెంచాల శనగపిండి పొడిగానే చల్లి కలుపుడి. ఉప్పు ఇప్పుడు వేయవద్దు. అది ముక్కలోని నీటిని బయటికి లాగును.

5. యంత్రమును 180 డిగ్రీల వద్ద మూడు నిమిషములు ఖాళీగా కాగనిచ్చి, ముక్కలను ఒకే వరుసగా పరచుడి. గుట్టగా పోసినచో ఆవిరి పట్టి ఉడికిపోవును.

6. 12 నుండి 15 నిమిషములు ఉంచుడి. సగములో ఒకసారి బుట్ట బయటికి తీసి కుదుపుడి. చివరి మూడు నిమిషములు దగ్గర నిలిచి చూచుకొనుడి; ఒక్కొక్క యంత్రపు వేడి ఒక్కొక్క తీరుగా ఉండును.

7. దించిన తరువాత ఉప్పు చల్లి, వేయించిన పల్లీలు, వెల్లుల్లి కారము కలిపి వెంటనే వడ్డించుడి. మూత పెట్టవద్దు.

నిమ్మరసము పిండుకొనువారు పళ్లెములోనే పిండుకొనుడి. పులుపు ముందే తగిలిన యెడల వేడికి ఆకుపచ్చదనము చెడి పాచి రంగు వచ్చును.

మిగిలిన కూరగాయలు

కాకరకాయకు మాత్రము ఉప్పు ముందే పట్టించవలెను. పలుచని చక్రాలుగా కోసి, ఉప్పు రాచి, అరగంట తరువాత గట్టిగా పిండి, గుడ్డతో అద్ది, నూనె పట్టించి 180 వద్ద 15 నిమిషములు ఉంచుడి. చేదు తగ్గి, అప్పడమువలె విరుగును. బీన్సుకు 190 వద్ద 8 నుండి 10 నిమిషములు చాలును. దొండకాయ సన్నగా చీల్చినచో 18 నిమిషముల వరకు పట్టును. గోరుచిక్కుడు నార గట్టిది గనుక ముందుగా సగము ఉడికించి, నీరు వార్చి, ఆరబెట్టి వేయవలెను. విదేశములలోని మన పిల్లలు ఎక్కువగా వండుకొను బ్రోకలీకిని ఇదే పద్ధతి. 190 వద్ద 8 నిమిషములు.

కరివేపాకునకు 150 వద్ద మూడు నాలుగు నిమిషములు చాలును. పొడి కొట్టుకొనుటకు చక్కగా ఉండును. అయితే ఆకులు తేలికైనవి గనుక గాలికి ఎగిరి వేడి తీగకు తగిలి మాడును. పైన ఒక ఇనుప జాలీ పెట్టుడి. బజ్జీ, పకోడీ వంటి జారుపిండి ఇందులో కుదరదు; పిండి గట్టిపడక ముందే చిల్లులలోనుండి కారిపోవును.

జాగ్రత్తలు

అమెరికాలో కొనిన యంత్రమును మన ఇంట పెట్టవద్దు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. స్విచ్ వేసిన క్షణముననే కాలిపోవచ్చును. పిల్లలు తెచ్చెదమని ఫోను చేసినప్పుడే ఈ సంగతి చెప్పుడి. కువైట్, దుబాయిల నుండి వచ్చిన దానికి వోల్టేజి సరిపోవును గాని, ప్లగ్గు కాళ్లు పలకగా ఉండును గనుక తగిన ప్లగ్గు వేయించుకొనవలెను. ఇవి సాధారణముగా 1200 నుండి 1800 వాట్ల యంత్రములు గనుక లావు ప్లగ్గులోనే పెట్టుడి. ఫ్యాను, సెల్లు చార్జరు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించినచో వైరు కరిగి నిప్పంటుకొను ప్రమాదమున్నది. గోడకు జానెడు ఎడముగా ఉంచుడి. 1500 వాట్ల యంత్రము పావుగంట నడిచినను అర యూనిట్టు కరెంటు కూడ కాలదు.

లేనివారు కొనవలెనా?

అవసరము లేదు. దీని కొరకు అప్పు చేయుట అసలే తగదు. పెద్ద కుటుంబములో ఇది రెండు మూడు వాయిలు పట్టును. కరెంటు పోయినచో పని ఆగును. వెడల్పైన ఇనుప పెనము ఉన్నచో, ఆరబెట్టిన బెండకాయ ముక్కలను రెండు టీ చెంచాల నూనెతో పలుచగా పరచి, మూత పెట్టక, సన్నని సెగ మీద ఇరవై అయిదు నిమిషములు వేయించుడి. మాటిమాటికి కలపవద్దు. ఉప్పు చివరనే వేయుడి. అంత కరకర రాకపోయినను రుచికి లోటుండదు. నూనె తగ్గించునది యంత్రము కాదు, పోయు చేయి.

ఇంటి యజమానులకు ఒక మాట. నూనె తగ్గిన మొదటి వారము వేపుడు చప్పగా తోచును. అప్పుడు పళ్లెము పక్కకు నెట్టినచో, మరునాడు ఆ తల్లి మరల డబ్బా వంచును. మీ ఆరోగ్యము కొరకే ఆమె పడిన ప్రయాస వ్యర్థమగును. రెండు మూడు వారములు ఓర్చుకొనుడి, నాలుక అలవాటు పడును. మందులు మాత్రము డాక్టరుగారిని అడగక మానవద్దు, తగ్గించవద్దు.

ఈ నెల ప్రతి ఇంటివారును ఒక పని చేయుడి. నూనె ప్యాకెట్టు విప్పిన ప్రతిసారి క్యాలెండరు మీద ఒక గీత గీయుడి. పైన చెప్పిన లెక్క చొప్పున నెలకు మనిషికి లీటరుకు కొంచెము తక్కువ, నలుగురు పెద్దలకు మూడున్నర లీటర్లు, అదియు నేయితో కలిపి. నెలాఖరున గీతలు లెక్కించి, కుటుంబమంతయు భోజనమునకు కూర్చున్నప్పుడు ఆ సంఖ్య చదువుడి. ఎంత తగ్గించవలెనో ఎవరును చెప్పనవసరము లేకయే అందరికి తెలియును.